‘ఉన్నదా?’ అని ఇంగ్లీషున అడుగుట

1903వ సంవత్సరము నుండి మద్రాసు రేవున ఓడలెక్కి ఫిజీ చెరకు తోటలకు పోయిన తెలుగువారి సంతతిలో పలువురు, ముఖ్యముగా 1987 నాటి సైనిక తిరుగుబాట్ల పిమ్మట, అమెరికాకు వలసవచ్చి కాలిఫోర్నియాలో స్థిరపడిరి. ఫిజీ బడులలో వారు నేర్చినది బ్రిటిషు పద్ధతి ఇంగ్లీషు. అందు ‘హ్యావ్ యూ గాట్ ఎ పెన్?’ అనుట కద్దు. అమెరికాలో ‘డూ యూ హ్యావ్ ఎ పెన్?’ అనుటయే పరిపాటి. మొదటిది తప్పు కాదు, ఇచట వినబడుట తక్కువ, అంతియే. ఆమెను గూర్చి అడుగునపుడు ‘డజ్ షీ హ్యావ్?’ అనవలెను, ‘డజ్’ వచ్చిన పిదప ‘హ్యాజ్’ రాదు. తెలుగున ప్రశ్నలోని క్రియనే మరల పలికి ‘ఉన్నది’ అందుము. ఆ అలవాటున ‘యెస్, ఐ హ్యావ్’ అనువారు కలరు. అమెరికాలో ‘యెస్, ఐ డూ’ అనవలెను.

అసలు చిక్కు పిల్లలకు తెలుగు నేర్పునపుడు వచ్చును. కలమునకైనను, తమ్మునికైనను, జ్వరమునకైనను ఇంగ్లీషున ఒక్క ‘హ్యావ్’ చాలును. తెలుగున కలము ‘నీ దగ్గర’ ఉండును. తమ్ముడును జ్వరమును ‘నీకు’ ఉండును. ‘డూ యూ హ్యావ్ ఎ గ్రాండ్‌మదర్?’ అనుదానిని మనుమడు ‘నీ దగ్గర అమ్మమ్మ ఉన్నదా?’ అని తెనిగించినచో, ఆమె ఎవరి యింట నున్నదని అడిగినట్లగును. అమ్మమ్మ ఫిజీలోని లంబాసాలో నున్నచో, కాలిఫోర్నియాలోని మనుమనికి ఆమె ఉన్నది. అతని దగ్గర మాత్రము లేదు.