కడలి యొడ్డున అతిథులు

పల్నాటి సీమకు సముద్రము దూరము. ఉత్తరమున కృష్ణవేణి, నడుమ నాగులేరు, చుట్టును నాపరాతి నేలలు, మిరప తోటలు, ప్రత్తి చేలు. ఇవియే ఆ సీమ బిడ్డలు పుట్టినది మొదలు చూచుచుండునవి. అయినను పల్నాటికిని కడలికిని గల చుట్టరికము నేటిది కాదు. క్రీస్తు శకము మూడవ శతాబ్దిలో, ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని కాలమున, బోధిసిరి యను ఉపాసిక నాగార్జునకొండ లోయలో చైత్యగృహమును కట్టించి సింహళ దేశపు బౌద్ధాచార్యులకు అంకితము చేసెను. ఈ సంగతి ఆమె వేయించిన శాసనము వలన తెలియుచున్నది. సింహళ విహారము అను పేరుగల విహారమును గూర్చియు ఆ శాసనమే చెప్పుచున్నది. కడలి దాటి వచ్చిన క్రొత్తవారికి నీడ చూపిన సీమ యిది.

నేడు మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతముల బాలబాలికలు విహారయాత్రకై కడలి యొడ్డునకు పోవుచున్నారు. ఆనాడు ఆతిథ్యమిచ్చిన సీమవారు ఈనాడు అతిథులైరి. అతిథిగా నుండుట యెట్లో కూడ నేర్చుకొనవలసిన విద్యయే.

తీర నగరములలో తెలుగువారికి మొట్టమొదట తలపునకు వచ్చునది విశాఖపట్టణము. గుంటూరు, విజయవాడల మీదుగా రైలులో ఒక రాత్రి ప్రయాణము. క్రొత్త ఊరిలో దిగినవానికి మొదటి చింత బస. పూర్వము బాటసారులకు సత్రములే దిక్కు. పందొమ్మిదవ శతాబ్దిలో విశాఖ జిల్లా కలెక్టరుగా నుండిన టర్నరు పేర వెలసిన సత్రము ఆ నగరమున ప్రసిద్ధి చెందినది. ఇప్పుడు రైల్వే స్టేషనులోనే ప్రయాణికులకు విశ్రాంతి గదులు కలవు. బస్సుల కాంప్లెక్సు పరిసరములందు సామాన్యులకు అందుబాటులో నుండు లాడ్జీలు పెక్కులు కలవు. బీచి రోడ్డున కిటికీ తెరచిన సముద్రము కనబడు పెద్ద హోటళ్ళు కలవు. వాని వెల కూడ పెద్దదే. సింహాచలము పోవువారికి దేవస్థానము వారి వసతి గృహములు కలవు.

బడి పిల్లలు గుంపుగా పోవునపుడు కడలి కనబడు గది కంటె, త్రాగుటకు మంచి నీరు, శుభ్రమైన పడక, తలుపునకు గట్టి గడియ, రాత్రివేళ పిలిచిన పలుకు మనిషి గల గది మేలు. డిసెంబరు, జనవరి నెలలలో అరకు లోయను చూడబోవు యాత్రికులతో నగరము నిండియుండును. కనుక బయలుదేరుటకు ముందే బస నిశ్చయించుకొనుట వివేకము.

నగరమునకు దక్షిణమున ఒక కొండ సముద్రములోనికి చొచ్చుకొని యున్నది. దాని ఆకారమును బట్టి నావికులు దానికి డాల్ఫిన్స్ నోస్, అనగా డాల్ఫిన్ ముక్కు, అని పేరిడిరి. ఆ కొండ చాటున నౌకాశ్రయము కలదు. రేవు నిర్మించునపుడు అలల తాకిడియు, ఇసుక మేటయు ఆటంకమయ్యెను. అందుకై జానస్, వెలెడ్సన్ అను రెండు పాత ఓడలను ముంచి, వానినే అలలకు అడ్డుకట్టలో భాగము చేసిరి. పనికిరాని ఓడలు మునిగియు పనికివచ్చినవి! 1933 అక్టోబరు 7వ తేదీన 'జలదుర్గ' యను ఓడ ఆ రేవున తొలిసారి ప్రవేశించెను. వాల్‌చంద్ హీరాచంద్ 1941లో స్థాపించిన నౌకా నిర్మాణశాలలో తయారైన 'జల ఉష'ను 1948 మార్చి 14న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశము చేయించెను.

ఓడరేవు కంటె చేపల రేవు పిల్లలకు ఎక్కువ నేర్పును. తెల్లవారుజామున మర పడవలు ఒడ్డు చేరును. వంజరము, చందువ మొదలగు చేపలను గంపలకెత్తి, జాలరి స్త్రీలు గట్టిగా బేరమాడి కొనుచుందురు. పల్నాటి రైతు మబ్బు కొరకు ఆకాశమును చూచునట్లే, జాలరి తుపాను భయమున ఆకాశమును చూచును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరమును తాకి, చెట్లను కూకటివేళ్ళతో పెకలించి, దినముల తరబడి విద్యుత్తు లేకుండ చేసెను. విహారమునకు వచ్చినవాడు చూచునది కడలి అందము. ఒడ్డున బ్రతుకువాడు ఎరిగినది దాని కోపము కూడ.

రామకృష్ణా బీచిలో 'కుర్సురా' యను జలాంతర్గామి కలదు. ఇది 1969లో నౌకాదళమున చేరి, 1971 యుద్ధకాలమున పనిచేసి, 2002లో ప్రదర్శనశాలగా మారెను. దీని పొడవు ఇంచుమించు నూరు గజములు. లోపల నడచునపుడు భుజములు గోడలకు తగులును. నావికులు సూర్యుని చూడకుండ దినములు గడపుచు, ఆ యిరుకు పడకలలోనే నిద్రించిరి. లాడ్జీలో గది చిన్నదని సణుగు బాలుడు దీనిని చూచి వచ్చిన పిమ్మట సణుగుట మానును.

ఇక సముద్ర స్నానము. ఇచటనే మిక్కిలి జాగరూకత కావలెను. కృష్ణలో ఈత నేర్చినవాడు కడలిని కూడ ఏటివలెనే తలచును. అది పొరపాటు. ఏరు ఒకే దిక్కునకు పారును. ఒడ్డునకు వచ్చిన అలల నీరో, మరల లోనికి పోవలెను. ఆ నీరు ఒక్కొక్కచోట ఇరుకైన పాయగా చేరి వడిగా లోనికి లాగును. అట్టి చోట అలలు అంతగా విరుగవు. నీరు నెమ్మదిగా నున్నట్లు అగపడును. తెలియనివారు అదియే క్షేమమని అచట దిగుదురు. లాగబడినవాడు తిన్నగా ఒడ్డునకు ఎదురీదినచో అలసి మునుగును. కలవరపడక, ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు ఈది, ఆ పాయ దాటిన పిమ్మట ఒడ్డు చేరవలెను. ఈదలేనివాడు వెల్లకిల తేలుచు, చేయి యెత్తి కేక వేయవలెను. ఒడ్డున నున్నవారు తామును దూకక, త్రాడో తేలు వస్తువో విసరి, రక్షకులను పిలువవలెను. స్నేహితుని రక్షింపబోయి ప్రాణము విడిచిన విద్యార్థులు కలరు. హెచ్చరిక పలకలును, ఎఱ్ఱ జెండాలును వినోదమునకు అడ్డములు కావు. అవి ఇంటి యజమాని అతిథికి చెప్పు మాటలు. వానిని మన్నింపని వాని కొరకు ఇంట తల్లి ఎదురుచూపు వ్యర్థమగును.

కడలిని చూచినవారు కొండలను కూడ చూడవలెను. రేవు చెంత మూడు గుట్టలపై వేంకటేశ్వరుని గుడి, మేరీమాత చర్చి, ముస్లిముల దర్గా ఇరుగుపొరుగున నున్నవి. సింహాచలమున వరాహ నరసింహస్వామి ఏడాది పొడవునను చందనపు పూతలో నుండి, అక్షయ తృతీయనాడు మాత్రమే నిజరూప దర్శన మిచ్చును.

యాత్ర చివర భీమునిపట్టణము త్రోవలో తొట్లకొండ నెక్కుట మంచిది. వర్షపు నీరు నిలుపుటకై రాతిలో తొలిచిన తొట్ల వలన ఆ కొండకు ఆ పేరు వచ్చెను. 1976లో నౌకాదళము వారు జరిపిన సర్వేలో ఇచటి శిథిలములు బయటపడినవి. సుమారు రెండువేల యేండ్ల నాటి భిక్షువుల గదులు, భోజనశాల, స్తూపములు అచట కలవు. కొండ దిగువనే కడలి కనబడును. నేటి లాడ్జీలకు పూర్వము, సత్రములకు పూర్వము, ఈ తీరమున వెలసిన బస యిది.

ఆ రాతి గదుల యెదుట నిలిచినపుడు పల్నాటి బిడ్డకు తన నాగార్జునకొండ జ్ఞప్తికి రాక మానదు. ఇచట కడలి గాలి, అచట కృష్ణ గాలి. బాటసారికి నీడ యిచ్చిన మనసు మాత్రము ఒక్కటే. బోధిసిరి ఇంటి యజమానురాలి ధర్మము నెరవేర్చినది. బాలబాలికలారా! మీరు అతిథి ధర్మము నెరవేర్పుడు. బస చేసిన గదిని శుభ్రముగా విడువుడు; ఇసుకపై చెత్త పడవేయకుడు; కడలి హెచ్చరికను మన్నింపుడు. వెళ్ళినవారందరును క్షేమముగా ఇల్లు చేరిన నాడే ఆ యాత్ర సఫలము.