కరివేపాకు ఆకు రాలిస్తే కంగారెందుకు?

డిసెంబరు వచ్చిందంటే మన ఢిల్లీ తెలుగు ఇళ్ళల్లో ఒకటే దిగులు. బాల్కనీలో కరివేపాకు మొక్క పసుపుబారిపోయి, ఆకులన్నీ రాల్చేసి, వట్టి పుల్లలా నిలబడుతుంది. అది మామూలు మొక్కా? అమ్మ ఊరి నుంచి వస్తూ, రైల్లో రాత్రంతా కాళ్ళ దగ్గర కాపాడుకుంటూ తెచ్చిన మొక్క. చచ్చిపోయిందేమోనని మనసు చివుక్కుమంటుంది. నీళ్ళు చాలలేదేమోనని పొద్దునో చెంబు, సాయంత్రమో చెంబు పోసేస్తాం. వద్దు తల్లీ, పోయకు. దానికేం కాలేదు. నిద్రపోతోంది, అంతే.

మన ఊళ్ళలో చలంటే శాలువా కప్పుకునేంత. ఇక్కడ జనవరి రాత్రుళ్ళు నాలుగైదు డిగ్రీలకి, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతాయి. వేడిదేశపు మొక్క కదా, ఆ చలికి ఎదుగుదల ఆపేస్తుంది. ఎదగని మొక్క నీళ్ళేం తాగుతుంది? మనం పోసిందంతా కుండీలో నిలిచి వేళ్ళు కుళ్ళిపోతాయి. చలికి చచ్చే కరివేపాకుల కన్నా మన ప్రేమకి చచ్చేవే ఎక్కువని నా నమ్మకం. కుండీని ఎండ తగిలే గోడ పక్కకి జరుపు. మట్టిలో వేలు పెట్టి చూసి, రెండంగుళాల లోతున పొడిగా ఉంటేనే కాసిని నీళ్ళు పొయ్యి. ఎరువు ఊసే ఎత్తకు. ఫిబ్రవరి ఆఖర్న కొమ్మల కొసలు కత్తిరించి, గుప్పెడు పశువుల ఎరువు వెయ్యి. మార్చిలో చిగుర్లు వస్తాయి చూడు.

అసలు మన బెంగలో సగం, ఊరి లెక్కలు ఇక్కడికి తెచ్చుకోవడం వల్లే. డిసెంబరు నెలాఖరున మిట్టమధ్యాహ్నం హైదరాబాద్‌లో సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులో ఉంటే, ఢిల్లీలో 38 డిగ్రీల దగ్గరే ఆగిపోతాడు. పగలు మొత్తం కలిపితే 10 గంటల 20 నిమిషాలే. దానికి తోడు పొగమంచు, పొగ, దుమ్ము. అందుకే ఉత్తరం బాల్కనీలో మొక్కలు ముడుచుకుపోతాయి. దక్షిణం బాల్కనీకి మాత్రం సూర్యుడు కిందుగా ఉండటమే వరం. వంగిన ఎండ గదిలోపలి దాకా వస్తుంది. నీది ఉత్తరం బాల్కనీ అయితే బాధపడకు. మేడ మీద ఓ మూల నాలుగు కుండీలు పెట్టుకుంటానని సొసైటీ వాళ్ళని అడుగు, కాదనరు. ఆ లోపు వెడల్పాటి ట్రేలో మెంతులు ఒత్తుగా చల్లి, రెండాకులు వేయగానే కత్తెరతో కోసి పప్పులో వేసుకో. వారానికోసారి ఆకుల మీద నీళ్ళు చల్లి దుమ్ము కడగడం మాత్రం మానకు. దుమ్ము పట్టిన ఆకుకి ఆ ఉన్న కాస్త ఎండా అందదు.

మరి ఈ చలిలో ఏం వేద్దాం? గోంగూర అనకు! ఆ కోరిక నాకు తెలియంది కాదు. కానీ గోంగూరకి పెద్ద పగళ్ళు కావాలి. పగలు తగ్గుతున్న కొద్దీ అది ఆకు మాని పూతకు దిగుతుంది, పైగా చలంటే అస్సలు పడదు. మార్చిలో విత్తుకో, ఎండలు ముదిరే వేళకి చేతినిండా కోసుకుంటావు. అందాకా నోటికి పులుపు కావాలంటే చుక్కకూర ఉందిగా? దానికి చలే పుట్టిల్లు. ఇక్కడివాళ్ళు ఖట్టా పాలక్ అంటారు. ఊరెళ్ళినప్పుడు ఓ పొట్లం విత్తనాలు తెచ్చుకుంటే, జానెడు లోతు కుండీ చాలు. పాలకూరా అంతే. బయటి ఆకులు మాత్రమే గిల్లుకుంటూ పోతే మార్చి దాకా వస్తూనే ఉంటుంది. కొత్తిమీర మొలవడం లేదని చాలామంది చిన్నబుచ్చుకుంటారు. ధనియాన్ని రెండు బద్దలయ్యేలా నలిపి, రాత్రంతా నానబెట్టి చల్లు. ఈ చలికి మొలవడానికి రెండు మూడు వారాలు పడుతుంది, మట్టి తవ్వి చూడకు.

కుండీలో వెయ్యకుండానే మొలిచే బతువాని కలుపని పీకి పారేస్తున్నావేమో, ఆగు. అది మన చక్రవర్తికూర. కందిపప్పుతో ఉడికించి, వెల్లుల్లి పోపు పెట్టి చూడు.

ముల్లంగి వేస్తే విత్తనం పేరు చూసి కొను. పూసా హిమాని చలికి తయారైంది, డిసెంబరు, జనవరుల్లో కూడా వేసుకోవచ్చు. పూసా చేత్కి ఎండాకాలానిది. రెండూ ముల్లంగులే అని ఏదో ఒకటి తెచ్చేస్తే, ఊరక పూసేసి దుంప ఊరదు. ఊళ్ళో మన నాన్నలు పూసా జ్వాల మిరప, పూసా రూబీ టమాటా అంటుండేవారు, గుర్తుందా? ఆ పూసా మన పక్కనే ఉంది. బీహార్‌లోని పూసా ఊళ్ళో 1905లో మొదలైన వ్యవసాయ పరిశోధనా సంస్థ అది. 1934 భూకంపంలో భవనం దెబ్బతింటే 1936లో ఢిల్లీకి తరలించారు, ఊరి పేరు కూడా వెంట వచ్చేసింది. ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో అక్కడ కృషి విజ్ఞాన మేళా జరుగుతుంది. రైతుల కోసమే కదా, మనం ఎందుకని జంకకు. పిల్లల్నీ వెంటబెట్టుకుని వెళ్ళు. విత్తనాలూ దొరుకుతాయి, నీ సందేహాలకి జవాబులూ దొరుకుతాయి.

సంక్రాంతి పిండివంటల హడావుడి తగ్గగానే ఒక పని చెయ్యి. ఖాళీ పాల ప్యాకెట్లు కడిగి, అడుగున చిల్లులు పెట్టి, మట్టీ ఎరువూ సగం సగం నింపి, సొర, బీర, కాకర గింజలు రెండేసి నాటు. పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం కప్పి ఎండలో పెట్టు. బయట చలి ఉండగానే లోపల నారు సిద్ధమవుతుంది, ఫిబ్రవరి నడిమికి పెద్ద కుండీలోకి మార్చుకోవచ్చు. యమున ఒడ్డున ఇసుకలో తీగజాతులు వేసే రైతులు కూడా చలికాలంలోనే గింజ పెట్టి, గడ్డి దడులతో కాపాడుకుంటూ తొందరగా కాపు తీస్తారు. వాళ్ళది నదంత అనుభవం, మనం నేర్చుకుంటే తప్పేముంది? వంగ, టమాటా, మిరప నారు ఫిబ్రవరిలో నర్సరీలోనే కొనుక్కో, శ్రమ తగ్గుతుంది. బెండ గింజలు కూడా ఆ నెల సగం దాటాకే.

పళ్ళ సంగతికొస్తే, కుండీలో నిమ్మ చాలు మనకి. ఫిబ్రవరి, మార్చిలో పూస్తే బాల్కనీ తలుపు తీయగానే వాసన గుప్పుమంటుంది. జనవరిలో నీళ్ళు బాగా తగ్గించు, పూత మొదలయ్యాక మెల్లగా పెంచు. ఒక్కసారిగా గుమ్మరిస్తే పూత రాలిపోతుంది. పిల్లలున్న ఇంట్లో రెండు స్ట్రాబెర్రీ మొక్కలు కూడా పెట్టు. అక్టోబరు, నవంబరుల్లో నాటితే ఫిబ్రవరికి ఎర్రబడతాయి. పండు తడిమట్టికి తగలకుండా కింద కాస్త గడ్డి పరుచు.

నీళ్ళ గురించి మాత్రం గట్టిగా చెబుతాను, ఏమనుకోకు. నీళ్ళు వృథా పోతున్నాయన్న బాధతో ఆర్‌ఓ నుంచి బయటికొచ్చేవి రోజూ మొక్కలకి పోసేస్తున్నాం. ఫిల్టరు ఆపిన ఉప్పంతా వాటిలోనే ఉంటుంది. కుండీ అంచున తెల్లటి పొర చూశావా? అదే. ఆ నీళ్ళతో ఇల్లు తుడుచుకో. మొక్కలకి మామూలు నీళ్ళు, అదీ పొద్దెక్కాక పదింటికి. సాయంత్రం తడి రాత్రి చలిలో మొక్కకి మంచిది కాదు.

ఫిబ్రవరిలో మబ్బు పట్టిన రోజుల్లో ఆవ, క్యాబేజీ ఆకుల అడుగున పేనుబంక కనిపిస్తుంది. చూసి భయపడకు, మందుల జోలికి పోకు. గట్టి ధారతో నీళ్ళు కొట్టు. పోకపోతే లీటరు నీళ్ళలో ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి పొద్దున్నే పిచికారీ చెయ్యి. కోసే ఆకుకూరల మీద కొట్టావంటే కొన్నాళ్ళు ఆగి, బాగా కడిగి వండు.

మార్చిలో ముల్లంగి పూతకొచ్చిందని పీకేయకు. ఆ లేత కాయల్ని ఇక్కడ మోగ్రీ అని కూర చేస్తారు, మన ఆవపెట్టిన కూరకి భలే ఉంటాయి. ఒక్క మొక్కని మాత్రం విత్తనానికి వదిలెయ్యి. నీడనిచ్చే పచ్చ నెట్ కూడా అప్పుడే కొని పెట్టుకో, ఏప్రిల్ ఎండకి అవసరమవుతుంది. ఢిల్లీ వేప ఒక్కోసారి ఉగాది దాటాకే పూస్తుంది, పచ్చడికి పువ్వు దొరక్క మనం ఇబ్బంది పడతాం. అందుకని ఏప్రిల్లో పార్కులో పువ్వు రాలినప్పుడు శుభ్రమైనది ఏరి, నీడన ఆరబెట్టి, గాలి చొరని సీసాలో దాచు. పక్క ఫ్లాట్ తెలుగమ్మాయికీ ఓ గుప్పెడు తియ్యి.