గాయాల పరిశోధకులకు శరీర పాఠం

మానవ శరీరంలో 206 ఎముకలు ఉన్నాయని మనమంతా హైస్కూలులోనే బట్టీ పట్టాం. బొమ్మ గీసి భాగాలు గుర్తిస్తే మార్కులు వచ్చేవి. రోడ్డు ప్రమాదాల్లో గాయాలు ఎలా అవుతాయో పరిశోధించేవారికి ఆ బొమ్మ చాలదు. వీరిలో చాలామంది డాక్టర్లు కారు. హెల్మెట్లు, కారు సీట్లు తయారుచేసే ఇంజనీర్లు, ప్రమాదాల లెక్కలు రాసేవారు. వీరికోసం విదేశాల్లో కొద్దిరోజుల శరీర నిర్మాణ కోర్సులు నడుస్తుంటాయి. పుణ్యాత్ములు దానం చేసిన దేహాలపై, చేత్తో తాకి నేర్చుకునే చదువు అది.

ఈ విద్యకు తొలి పునాదుల్లో ఒకటి అమెరికాలోని డెట్రాయిట్‌లో పడింది. 1939లో, నేటి వేన్ స్టేట్ యూనివర్సిటీలో, లిస్నర్ అనే ఇంజనీరు, గుర్డ్జియన్ అనే మెదడు సర్జన్ కలిసి పుర్రె ఎంత దెబ్బకు పగులుతుందో కొలవడం మొదలుపెట్టారు. ఒకరికి బలం లెక్క తెలుసు, మరొకరికి ఎముక తెలుసు. ఏ ఒక్కరి చదువూ ఆ పనికి సరిపోయేది కాదు.

మన హాస్టల్లో డిసెక్షన్ హాలు లేదు. అయినా చేతులున్నాయి కాబట్టి కొంత మనమూ నేర్చుకోవచ్చు.

మోకాలి కింద ముందువైపు తడిమి చూడండి. ఎముకకూ చర్మానికీ మధ్య కండ లేదు. బండి బంపరు తగిలితే అక్కడ ఎముక చర్మాన్ని చీల్చుకొని బయటకు రావడానికి కారణం ఇదే. తొడ ఎముక సంగతి వేరు. దాని చుట్టూ దట్టమైన కండ. అది విరిగితే ఒక్కోసారి లీటరుకు పైగా రక్తం లోపలే పోతుంది. బయట చుక్క కూడా కనబడదు. పెద్దవారిలో ఉండే రక్తమే సుమారు 5 లీటర్లు!

నడుముపై చేతులు పెట్టుకొని నిలబడండి. చేతికి తగిలే గట్టి అంచు తుంటి ఎముక. కారు బెల్టు పట్టీ దానికి పైన కాదు, దాని ముందు భాగానికి కిందుగా, తొడల మొదట్లో ఆనాలి. పొట్ట మీదికి జారితే తాకిడికి పేగులు నలుగుతాయి. ఎడమ పక్కటెముకల అడుగున ప్లీహం ఉంటుంది. హ్యాండిల్ గుచ్చుకున్న దెబ్బకు అది చిట్లవచ్చు, పైన చిన్న కమిలిన మచ్చ తప్ప ఏమీ ఉండకపోవచ్చు.

ఇక కణత. కంటి కొన వెనుక వేలు పెట్టండి. పుర్రె పలుచగా ఉండే చోటు ఇది. లోపలివైపు ఎముకను ఆనుకొని ఒక ధమని పోతుంది. ఎముక పగిలి అది తెగితే పుర్రెకూ మెదడు పొరకూ మధ్య రక్తం చేరుతుంది. కొందరు పడగానే స్పృహ తప్పి, తేరుకొని, మామూలుగా మాట్లాడతారు. కొన్ని గంటల తర్వాత కుప్పకూలుతారు. ఒకే గదిలో పదిమందిమి పడుకునే మనకు ఇది మరీ ముఖ్యం. సెలవులకు బైకులపై ఊళ్ళకు వెళ్ళివచ్చే తమ్ముళ్ళు ఎక్కువవుతున్నారు. పడి వచ్చినవాడు "ఏం కాలేదన్నా" అని దుప్పటి కప్పుకుంటే మేము ఒప్పుకోము. తలనొప్పి పెరిగినా, వాంతులైనా, మాట తడబడినా, లేపితే సరిగా లేవకపోయినా అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే.

గాయాల తీవ్రతకు పరిశోధకులు 1 నుంచి 6 వరకు అంకెలు వేస్తారు. ఈ కొలమానం 1971లో ప్రచురితమైంది. గీసుకుపోయిన చర్మానికి 1, బతికే ఆశ దాదాపు లేని గాయానికి 6. చూడటానికి భయంకరంగా ఉన్న గాయానికి చిన్న అంకె పడటం, అసలు కనబడనిదానికి పెద్ద అంకె పడటం ఇందులో మామూలే.

చివరగా మెడ. తల వంచి వెనుక తడిమితే అడుగున ఒక బొడిపె తగులుతుంది. చాలామందిలో అది ఏడవ వెన్నుపూస. దాని లోపలి నుంచి చేతులకు, కాళ్ళకు వెళ్ళే నరాల తాడు దిగుతుంది. కాళ్ళూ చేతులూ పట్టి ఆటోలోకి ఎత్తితే, విరిగిన పూస ఆ తాడును నలిపేయవచ్చు. మంటలో, వాహనాల మధ్యలో పడి ఉంటే తప్ప కదపకండి, 108కి ఫోన్ చేయండి. సాయం చేసినవారిని కేసుల్లో ఇరికించకుండా 2019 మోటారు వాహనాల సవరణ చట్టం రక్షణ ఇచ్చింది. అంబులెన్సు వచ్చేవరకు ఒకరు తల దగ్గర మోకరిల్లి, రెండు చేతులతో తలను కదలకుండా పట్టుకోవాలి.