ఆఫీసు పనిమీద లండన్ వెళ్తే ఊరు చూడొచ్చా?

ప్రశ్న: మాది నేలకొండపల్లి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆఫీసు పనిమీద రెండు వారాలు లండన్ వెళ్తున్నాను. సాయంత్రాలు అక్కడి టీమ్ పబ్‌కు వెళ్తుందట. నాకు మందు అలవాటు లేదు. రానంటే ఏమనుకుంటారో! ఊరు కూడా చూడాలనుంది.
– ఒక పాఠకురాలు

జవాబు: ఒకటి రెండుసార్లయినా వెళ్లండి. అక్కడ పబ్ అంటే ముఖ్యంగా కబుర్లు చెప్పుకునే చోటు. ఆరెంజ్ జ్యూస్ అడిగితే ఎవరూ వింతగా చూడరు. వంతులవారీగా ఒక్కొక్కరు అందరికీ కొనడం అక్కడి ఆనవాయితీ. మీ వంతు మరవకండి. లేదంటే ‘నాది నేనే కొనుక్కుంటాను’ అని మొదటే చెప్పండి. గంట కూర్చుని సెలవు తీసుకున్నా మర్యాదకు లోటుండదు.

బ్రిటన్ విజిటర్ వీసా మీద వెళ్తుంటే ఊరు చూడటానికీ అనుమతి ఉంటుంది. ఆ ఖర్చు మాత్రం మీదే, ఆఫీసు బిల్లులో కలపకండి. సెలవు పెట్టి అదనంగా ఉండాలనుకుంటే మేనేజరు అనుమతి తీసుకోండి. ఇన్సూరెన్స్ ఆ రోజులకూ వర్తిస్తుందో లేదో ముందే కనుక్కోండి.

బ్రిటిష్ మ్యూజియం తప్పక చూడండి. ప్రవేశం ఉచితం. శుక్రవారం రాత్రి 8.30 వరకు తెరిచి ఉంటుంది. అక్కడి 33ఏ గదిలో మన అమరావతి స్తూప శిల్పాలున్నాయి. ఆ గది తెరిచే వేళలు వెబ్‌సైట్‌లో చూసుకుని, టీమ్‌ను మీరే పిలవండి. మీ ఊళ్లోనూ బౌద్ధ మహాస్తూపం ఉందని చెప్పండి. అతిథిగా వెళ్లిన మీరే వాళ్లకు దారి చూపితే స్నేహం త్వరగా కుదురుతుంది.