ఒక రైలుకు ఒక వంతెనే

రాజమహేంద్రవరం



సర్వర్ల పని నేర్చుకోబూనిన విద్యార్థి ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: నాలుగు గిగాబిట్ నెట్‌వర్క్ కార్డులను ఒకే సర్వరుకు బిగించి, ఒకే మార్గంగా జతచేస్తే ఒక ఫైలు నాలుగు రెట్ల వేగంతో కదులుతుందా? కదలదు. కారణం రాజమహేంద్రవరానికీ కొవ్వూరుకూ నడుమ గోదావరి మీదనే కనిపిస్తుంది. 1900లో ప్రారంభమైన హేవలాక్ వంతెన మీద ఉన్నది ఒకటే రైలుమార్గం కాగా, 1974లో రైలు, రోడ్డు వంతెన తోడయ్యాక నది దాటగల బళ్ల సంఖ్య పెరిగిందే తప్ప ఏ బండీ రెండుగా చీలి రెండు వంతెనల మీదా నడవలేదు. 1997లో ఆర్చి వంతెన వచ్చి హేవలాక్ వంతెనకు విశ్రాంతి దొరికినప్పుడూ ఆ నియమం మారలేదు. కార్డుల జతలో ఒక ఫైలు కూడా అలాంటి బండే.

కార్డులను ఇలా కలపడాన్ని లినక్స్‌లో బాండింగ్ అనీ, స్విచ్‌ల పరిభాషలో లింక్ అగ్రిగేషన్ అనీ అంటారు. సర్వరూ స్విచ్చూ పరస్పరం కబురందుకుని ఈ జత కుదుర్చుకునే పద్ధతి ఎల్ఏసీపీ. 2000లో 802.3ఏడీగా వెలువడిన ఈ ప్రమాణం 2008లో 802.1ఏఎక్స్‌గా మారింది.

ఫైలును ముక్కలుగా మోసే ప్యాకెట్లను వంతులవారీగా కార్డులన్నింటికీ పంచే పద్ధతి కూడా ఉంది గాని, అందులో వెనుక బయలుదేరినది ముందు చేరవచ్చు. వరుస తప్పితే, ప్యాకెట్ల చేరికను చూసుకునే టీసీపీ దానిని ప్యాకెట్ పోయినట్టుగా భావించి, మళ్లీ పంపించి, వేగం తగ్గించుకుంటుంది. అందుకే ఎల్ఏసీపీ జతలో చిరునామాల నుంచి హ్యాష్ అనే లెక్క కట్టి, ఒక సంభాషణకు చెందిన ప్యాకెట్లన్నింటినీ ఒకే కార్డుకు అప్పగిస్తారు.

అనుభవజ్ఞులు సైతం పొరబడేది ఈ లెక్క దగ్గరే. లినక్స్‌లో ముందే అమర్చి ఉండే లెక్క రెండవ పొరది, అంటే కార్డుకు పుట్టుకతో వచ్చే మ్యాక్ చిరునామా మీద ఆధారపడినది. వాడుకరులు రౌటరుకు అవతల ఉన్నప్పుడు సర్వరు నుంచి వెళ్లే ప్రతి ప్యాకెట్ మీదా ఆ రౌటరు మ్యాక్ చిరునామాయే ఉంటుంది కనుక, లెక్క ఎన్నిసార్లు కట్టినా ఒకే జవాబు వస్తుంది. ఒక కార్డు నిండిపోతుండగా మిగిలిన మూడూ ఖాళీగా కూర్చుంటాయి. ఐపీ చిరునామాలనూ పోర్టు సంఖ్యలనూ కలిపి చూసే 3+4 పొరల లెక్కకు మారిస్తే, వేర్వేరు సంభాషణలు వేర్వేరు కార్డుల మీదికి సర్దుకునే అవకాశం కలుగుతుంది. ఇది సర్వరు నుంచి బయటికి వెళ్లే దారికే వర్తిస్తుంది. లోపలికి వచ్చేవి ఏ తీగ మీద రావాలో స్విచ్ తన సొంత లెక్కతో నిర్ణయిస్తుంది కాబట్టి అక్కడి అమరికనూ సరిచూడాలి. రాత్రి బ్యాకప్ వంటి ఒకే పెద్ద ప్రవాహమే అవసరమైన చోట ఇంకో గిగాబిట్ కార్డు కొనడం వృథా. పది గిగాబిట్ల కార్డే తగినది.

జత కుదిరిందో లేదో తెలిపే వివరాలను లినక్స్ ఒక ఫైలులో చూపుతుంది. అందులో కార్డులన్నింటికీ అగ్రిగేటర్ ఐడీ ఒకటే ఉండాలి. ఎదుటివైపు మ్యాక్ చిరునామా స్థానంలో అన్నీ సున్నాలే కనబడితే స్విచ్ వైపు ఎల్ఏసీపీ పలకడం లేదని అర్థం. ఆ తరువాత రద్దీ లేని వేళ చూసి ఒక తీగను చేత్తో ఊడదీయాలి. దాని మీది సంభాషణలు మిగిలిన మూడింటి మీదికి మారితే జత సక్రమంగా ఉన్నట్టే; ఆగిపోతే, తీగను తిరిగి పెట్టి, స్విచ్ పోర్టుల అమరికను మొదటినుంచీ చదవాలి.