కారుచౌడు – ఆవర్తన పట్టిక

రసాయనశాస్త్రమంటే లేబొరేటరీలోని గాజు గొట్టాలు, పరీక్షల ముందు వల్లించే సమీకరణాలు అనే అభిప్రాయం మనలో చాలామందికి ఉంది. అది సరికాదు. తరగతి గోడకు వేలాడే ఆవర్తన పట్టికకూ, రైతు పొలానికీ ఉన్న సంబంధాన్ని కారుచౌడు నేల ఉదాహరణతో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1869లో మెండలీవ్ అప్పటికి తెలిసిన మూలకాలను పరమాణు భారాల వరుసలో పేర్చి, గుణాలు కలిసిన వాటిని గ్రూపులుగా చేశాడు. నేడు 118 మూలకాలను పరమాణు సంఖ్యల వరుసలో పేరుస్తున్నాం. ఒక గ్రూపులోని వాటి గుణాలు కలవడానికి ముఖ్య కారణం చివరి కక్ష్యలోని ఎలక్ట్రాన్ల సంఖ్య. సోడియం పరమాణువులో 11 ఎలక్ట్రాన్లు 2, 8, 1గా ఉంటాయి. కాల్షియంలో 20 ఎలక్ట్రాన్లు 2, 8, 8, 2గా ఉంటాయి. అందుచేత ఒకటో గ్రూపు సోడియం ఒక ధనావేశం గల అయానునీ, రెండో గ్రూపు కాల్షియం రెండు ధనావేశాలు గల అయానునీ ఇస్తాయి. చౌడు కథంతా ఈ ఒకటికీ రెండుకీ మధ్యనే ఉంది.

మా పొలంలో ఒక మూల కారుచౌడు. వానపడితే నీళ్ళు ఇంకవు, ఎండితే నేల పెంకులా బిగుస్తుంది. "ఆ చెక్కకి ఎంత యూరియా చల్లినా బూడిదలో పోసిన పన్నీరే" అంటుంటాడు మా నాన్న. కారణం ఏమిటి? బంకమట్టి రేణువుల మీద ఋణావేశం ఉంటుంది. వాటిని సోడియం అయాన్లు ఎక్కువగా పట్టుకుంటే రేణువులు ఒకదానితో ఒకటి కలవక విడిపోతాయి, మట్టిలోని సందులు పూడిపోతాయి. ఇక నీరూ గాలీ వేళ్ళకు అందేదెలా?

దీనికి మందు జిప్సం. అంటే నీటి అణువులతో కూడిన కాల్షియం సల్ఫేట్. జిప్సం చల్లి నీరు పెడితే ఒక్కో కాల్షియం అయాను రెండేసి సోడియం అయాన్లను తొలగించి, మట్టి రేణువులను దగ్గరకు చేరుస్తుంది. విడుదలైన సోడియం, సల్ఫేటుగా నీళ్ళలో కరుగుతుంది. ఆ నీరు మురుగుకాలువ గుండా బయటికి పోవాలి. లేకుంటే పెట్టిన ఖర్చు దండగ!

సున్నపురాయిలోనూ కాల్షియమే ఉంది కదా, అది పనికిరాదా అని మీరడగవచ్చు. అందులోది కాల్షియం కార్బనేట్. క్షారగుణం గల నేలలో అది దాదాపు కరగదు. కరగనిదే అయాన్లు రావు. కాబట్టి మూలకం పేరు చూస్తే చాలదు, అది ఏ సంయోగ పదార్థంలో ఉందో కూడా చూడాలి. నీళ్ళలో వేస్తే భగ్గుమనే సోడియం, విషవాయువైన క్లోరిన్ కలిస్తేనే కదా మనం కూరలో వేసుకునే ఉప్పు!

ఇంకొక మాట. పాలచౌడు వేరు. అక్కడ నేలపై తెల్లగా పేరుకునే లవణాలను మంచినీరు నిలగట్టి, తీసివేసి కడగవచ్చు. దానికి జిప్సంతో పని లేదు. కంటికి రెండూ చౌడే గనుక ఏది ఏదో మట్టి పరీక్షే తేల్చాలి. పి.హెచ్. 8.5 దాటి, సోడియం పాలు ఎక్కువైతే అది కారుచౌడు.

పల్లెల నుంచి వచ్చిన మిత్రులారా! ఈ సెలవుల్లో మీ పొలం మట్టి పరీక్ష చేయించండి. ఆ కాగితంలోని అంకెల అర్థం ఇంట్లో పెద్దలకు విడమరిచి చెప్పండి. వాళ్ళ కష్టంతో చదువుకుంటున్న మనం చేయదగిన మొదటి ప్రయోగం అదే.