చీటీల్లో ఎవరి పేరు వస్తే వాళ్లే

సిరొంచ.

మనవరాలికి,

తోటి పిల్లలకు తంబాకు వద్దని చెప్పడానికి బడిలో నిన్ను ఆరోగ్య దూతగా పెట్టారని రాశావు, సంతోషం. ముందు నా తప్పు విను. నేను మాస్తరుగా ఉన్నప్పుడు ఈ పని ఫస్టు వచ్చే పిల్లాడికి అప్పజెప్పాను. ప్రార్థనలో బాగానే మాట్లాడాడు. చివరి బెంచీ పిల్లలు మాత్రం బడి వదలగానే పాన్‌ఠేలా దగ్గరే తేలారు.

ఒక రోజు దూరంగా నిలబడి చూశాను. వక్కపలుకులు, తంబాకు, సున్నం ప్లాస్టిక్ కాగితంలో వేసి ఖర్రా రుద్దించుకున్నాడొకడు. కొన్నది వాడొక్కడే, చాచిన అరచేతులు నాలుగు. అందులో ఒకటి కొత్త చెయ్యి. ఆ పిల్లాడు ఖర్రా కోసం రాలేదు బిడ్డా, దోస్తుల కోసం వచ్చాడు.

మన గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది. డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్‌ల 'సెర్చ్' సంస్థ 2016 నుంచి 'ముక్తిపథ్' పేరిట మద్యం, తంబాకుల మీద ఊరూరా పని చేస్తోంది. బడికి వంద గజాల లోపు తంబాకు అమ్మకూడదని చట్టమూ ఉంది. చట్టం ఠేలాను జరుపుతుంది. చాచిన చేతిని వెనక్కి తీసుకునేలా చెయ్యాల్సింది దోస్తే.

వేల్స్, పశ్చిమ ఇంగ్లండ్‌లలో 59 బళ్లలో ఈ సంగతే పరీక్షించి చూశారు. ఫలితం 2008లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మీలో ఎవరి మాట చెల్లుతుందని 12, 13 ఏళ్ల పిల్లలనే అడిగారు. వాళ్లు ఎన్నుకున్నవాళ్లకు రెండు రోజులు శిక్షణ ఇచ్చి, పది వారాలపాటు మామూలు కబుర్లలోనే విషయం చెప్పమన్నారు. అలా చేసిన బళ్లలో, చెయ్యని బళ్లకంటే పొగతాగే పిల్లలు తక్కువగా తేలారు.

నువ్వూ చీటీలు పంచు. 'మనసు బాగాలేనప్పుడు ఎవరితో చెప్పుకుంటావు?' ఒక్కటే ప్రశ్న. పేర్లు లెక్కపెట్టుకుని చీటీలు చింపెయ్యి, ఎవరికీ చూపకు. మీ పాఠాలు మరాఠీలో, గుసగుసలు తెలుగులో. గోండి మాట్లాడే పిల్లల గుంపు వేరు, ఆడపిల్లల గుంపు వేరు. ఒక్కో గుంపు నుంచి ఒక్కరైనా ఉండాలి.

వాళ్లకు ఉపన్యాసం నేర్పకు, ఒక ఆట నేర్పు. నోరు తెరిచి మూడు వేళ్లు నిలువుగా పెట్టుకోమను. వక్క నమిలి నమిలి బుగ్గలు లోపల బిగిస్తే ఆ వేళ్లు పట్టవు. పట్టనివాణ్ణి ఎగతాళి చెయ్యకుండా, తోడు వెళ్లి డాక్టరుకు చూపించాలి.

ఆ చీటీల్లో నీ పేరు రాకపోతే చిన్నబుచ్చుకోకు. ఎవరి పేరు వచ్చిందో చూసి, రేపటి నుంచి వాళ్ల బెంచీలో కూర్చో.

మీ తాత